డి-17 క్వార్టరు అటకకు ఊపిరి

తార్నాక,
మే 8, గురువారం.

విశ్వవిద్యాలయ భవనముల నిర్వహణ విభాగపు కార్యనిర్వాహక ఇంజనీరు గారి సముఖమునకు,
ఉద్యోగుల క్వార్టర్లలో డి-17 నివాసియు, పరీక్షల విభాగము రికార్డు గది సూపరింటెండెంటును అగు బి. ఈశ్వరయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇంటి అటకకు తెరిచిన రెండు గవాక్షములను శనివారం సాయంత్రం అయిదు గంటలలోగా ఇటుకలతో మూయించవలెనన్న తమ నోటీసును నిలిపివేయుట గురించి, అది వీలుకానిచో ఆదివారం సాయంత్రం నాలుగు గంటల వరకైనా ఆగుట గురించి.

సూచిక: (1) తమ నోటీసు, తేది మే 5. (2) మా ఆవిడ అభిప్రాయము, తేది ప్రతిరోజూ.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ విశ్వవిద్యాలయంలో ఇతరుల అర్జీలను ఫైలు చేస్తూ వచ్చిన వాణ్ణి. సొంతంగా ఒకటి రాయడం ఇదే మొదలు. ఎక్కడ 'ఉన్నది' రాయాలో, ఎక్కడ 'ఉండియున్నది' రాయాలో నాకు తెలుసుననే అనుకున్నాను గానీ, కలం పట్టేసరికి రెండూ కలగాపులగం అవుతున్నవి, లోపల మాత్రం పెళ్లివారిల్లులా ఉంది. కారణం ఏడవ అంశంలో తెలుస్తుంది. తమరు నేరుగా ఏడుకు వెళ్లకుండా వరుసగా చదవవలెనని ప్రార్థన.

1. ఇంటి స్థితి. డి-17 పాతకాలపు ఒంటి అంతస్తు ఇల్లు. మొదట బెంగుళూరు పెంకుల కప్పు ఉండేదట. ఎప్పుడో, తమరు ఈ కుర్చీలోకి రాకముందు, పెంకులు తీసి సిమెంటు రేకులు వేశారు. రేకులకు కింద, మా గదులకు పైన, చెక్కపలకల సీలింగు ఉన్నది. ఆ రెండింటి మధ్య మనిషి వంగి నడవగలిగినంత ఖాళీ. దానినే అటక అంటున్నాను. ఈ అర్జీలోని కష్టం, సుఖం అన్నీ ఆ ఖాళీలోనే జరిగినవి.

2. ఉష్ణ స్థితి. కరెంటు పోతుందని కొన్న పన్నెండు కొవ్వొత్తులను కిందటి మార్చిలో అటకలో దాచితిమి. ఏప్రిల్ మొదట్లో తీసి చూడగా పన్నెండూ నడుము దగ్గర వంగి, తమవంటి పెద్దల ముందు నిలబడ్డ గుమాస్తాల భంగిమలో ఉన్నవి. అగ్గిపుల్ల వాటికి ఎవరూ చూపలేదు. ఫ్యాను వేస్తే ఆ పలకల సీలింగుకు అంటిన వేడినంతా అది శ్రద్ధగా కిందికి దింపి మా నెత్తిన పోసేది. ఏసీకి దరఖాస్తు చేస్తే, ఈ ఇంటి వైరింగు అంత భారం మోయలేదని విద్యుత్తు విభాగం వారు రాశారు. కూలరు పెట్టితిమి. గాలి బయటికి పోయే దారి లేని ఇంట్లో కూలరు పెడితే ఏమగునో తమకు తెలియనిది కాదు. మూడు రోజుల్లో మేమిద్దరం ఆవిరికి ఉడికి, నాలుగో రోజు దాన్ని ఆపేసి, దాని మీద కూరగాయల బుట్ట పెట్టుకున్నాం.

3. అసలు సంగతి. మాకు ఒక్కతే కూతురు, సాహితి. అల్లుడు జశ్వంత్ వాళ్లది కాకినాడ. హబ్సిగూడలో ఫ్లాటు, రెండు ఏసీలు. సాహితికి జూన్ మొదటి వారంలో పురుడు రావాలి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని మా ఆవిడ చెన్నమ్మ పట్టుదల. ఆస్పత్రి కూడా మాకు అయిదు నిమిషాల దూరంలోనే ఉంది. ఏప్రిల్ నడుమ సాహితి రెండు రోజులు ఉందామని వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి మంచం మీంచి లేవబోయి కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. ఆ గోడ కూడా వేడిగానే ఉంది. చెమటతో తడిసిపోయిన పిల్లను ఆటోలో కూర్చోబెట్టి హబ్సిగూడ తీసుకుపోయాం. వియ్యపురాలు కాత్యాయని గారు ఒక్క నిష్ఠూరం కూడా ఆడలేదు. తలుపు తీసి, పిల్లను చల్లటి గదిలో పడుకోబెట్టి, చెన్నమ్మ చెయ్యి పట్టుకుని, "ఇక్కడే ఉంచేద్దామండీ వదినగారూ, ఎవరింట్లో అయితే ఏముందండీ," అన్నారు. ఎంతో మర్యాదగా అన్నారు. అందుకే అది మా ఆవిడకు లోపలికి దిగిపోయింది.

 ఇంటికి తిరిగి వచ్చి, గుమ్మంలోకి రాగానే చెన్నమ్మ పైకి చూసి, "నా బిడ్డ నా ఇంట్లో పండుకోలేకపోయె. ఇంగ దీన్ని ఇల్లని యెట్ల అనల్ల?" అన్నది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. ఉద్యోగిగా నాకు ఎన్నో మెమోలు వచ్చినవి కానీ, ఇంత బరువైనది ఇంతవరకు రాలేదు.

4. నేరాంగీకారము. ఈ నేరమును తమ నోటీసులో తమరు మోపియుండలేదు. వరుసలో నాలుగు వచ్చింది కనుక చెప్పేస్తున్నాను. కిందటి డిసెంబరులో చలి ఎక్కువై, క్యాంపస్ చెట్ల గాలి రేకుల మీదుగా నేరుగా మా దుప్పట్లలోకి వస్తుండగా, కాలపరిమితి తీరి కాగితపు మిల్లుకు పోవలసిన జవాబు పత్రముల మూటలు నలభై రికార్డు గదిలో స్థలం లేక వరండాలో తడుస్తున్నవి. మిల్లు లారీ రానన్నది. వాటిని భద్రపరచుటకై నేను మా అటకలో చేర్చితిని. భద్రపరచుట అన్నది నిజమే, కానీ మొత్తం నిజం కాదు. పలకల మీద వాటిని పరుపులా పరిచితే గదిలో వెచ్చగా ఉంటుందన్న దురాశ కూడా కలదు.

వెచ్చగా ఉండినది. చెప్పకూడదు గానీ, బ్రహ్మాండంగా ఉండినది. ఆ చలికాలమంతా మూడు సంవత్సరాల డిగ్రీ విద్యార్థుల విజ్ఞానం కింద మేమిద్దరం హాయిగా నిద్రపోయాం. గదిలోని వేడి పైకి పోకుండా కాగితం ఆపింది. అయితే ఉత్సాహంలో నేను మూటలను ఈ చివరినుంచి ఆ చివరి దాకా, చూరు కింద ఉన్న సన్నటి సందుల్లోకి కూడా కూరి కూరి పెట్టాను. చలికాలంలో పనికొచ్చిన మందే ఎండాకాలానికీ అనుకున్నాను. చూరు దగ్గర అంతో ఇంతో ఆడుతున్న గాలి కూడా దాంతో ఆగిపోయింది. పగలంతా గోడలు తాగిన వేడి సాయంత్రం పైకి పోదామంటే దారి లేదు. సాహితికి కళ్లు తిరిగిన రోజున ఆ మూటలు పైనే ఉన్నాయి. అంటే నా బిడ్డకు ఆ గతి పట్టించినది రేకులు మాత్రమే కాదు, నేను కూడా. ఈ మాట చెన్నమ్మతో ఇంకా అనలేదు, తమకే మొదట రాస్తున్నాను.

మూటలన్నీ దించి, లెక్క చూసి, ఒక్క కాగితం తగ్గకుండా ఏప్రిల్ నెలలో లారీకి ఎక్కించితిని. రసీదు జతపరచడమైనది.

5. విజ్ఞానము. మూటలు దించుతుండగా ఒక తాడు తెగి, భౌతికశాస్త్రపు జవాబు పత్రమొకటి నా ఒళ్లో తెరుచుకుని పడింది. చదవకూడదు. చదివాను. ప్రశ్న: ఉష్ణము ఎన్ని విధములుగా ప్రసరించును? ఆ విద్యార్థి ఇలా రాశాడు: "ఉష్ణము మూడు విధములుగా పోవును. ఒకటి, చేయి చేయి పట్టుకుని పోవుట. రెండు, గాలి భుజము మీద ఎక్కి పోవుట. మూడు, ఎవరినీ అడగకుండా దూకుట." పరీక్షకులు పదికి రెండు మార్కులు వేసి, ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం కూడా పెట్టారు.

అయ్యా, నేను ఆ నిచ్చెన మీదనే కూర్చుండిపోయాను. నాకు మా అటక మొత్తం అర్థమైపోయింది. ఎండకు కాలిన రేకుల నుంచి వేడి ఎవరినీ అడగకుండా పలకల మీదకు దూకుతున్నది. పలకల్లోంచి చేయి చేయి పట్టుకుని మా గదిలోకి దిగుతున్నది. ఇక అటకలోని గాలి ఉన్నదే, అది వేడిని భుజాన ఎక్కించుకుని బయటికి మోసుకుపోదామని సిద్ధంగా ఉండి, ద్వారం లేక అక్కడే తిరుగుతున్నది. ముప్పై ఒక్క ఏళ్లు జవాబు పత్రాలను మోశాను, కట్టలు కట్టాను, బీరువాల్లో పెట్టాను. ఒక్కటి చదివి బాగుపడినది మాత్రం ఆ రోజే.

6. చేసిన పనులు. మాది అనంతపురం వైపు. అక్కడ మట్టి మిద్దెలు. చెన్నమ్మ ముందుగా చెప్పినది, ఊరి నుంచి చౌడు మట్టి పది బస్తాలు తెప్పించి పలకల మీద జానెడు మందాన పరచమని. "ఆ మిద్దెల కింద మిట్ట మద్యాన్నం గూడ పిల్లోల్లు నిద్రపోతారు. ఎండ దిగల్లంటే సాయంత్రం అయితాది, అప్పటికి పొద్దు గుంకుతాది," అన్నది. సూత్రం సరిగ్గానే ఉన్నది. పలకలు మాత్రం అంత బరువు మోయలేవు, మట్టితో పాటు మేమూ కిందికి రావలసి వచ్చును. తరువాత ఆమె ఇంటిని నాలుగు మూలలా చూసి, మా ఊరి ప్రతి మిద్దెకూ గవాచి ఉంటుంది కదా, ఈ ఇంటికి గవాచి యాడుంది అని అడిగినది. గవాచి అనగా మిద్దెకు పెట్టే గాలి కన్నము. అదే ప్రశ్న తాపీమేస్త్రీ రాజలింగు కూడా వేసినాడు. ఈయన తమ విభాగపు మేస్త్రీయే. సెలవురోజున, మా వేడుకోలు మీద వచ్చినాడు, ఆయన తప్పేమీ లేదు. అటకలో తల పెట్టి, చెమట తుడుచుకుంటూ దిగి, నాతో ఇలా అన్నాడు: "సారూ, గిది అటక గాదు, మూత వెట్టిన గంజు. కింద గాలి అచ్చే బెజ్జం లేదు, మీద పోయే బెజ్జం లేదు. గా వేడి యాడికి పోవాలె? మీ నెత్తి మీదనే కూసుంటది." గంజు అనగా వంటగిన్నె.

తదుపరి ఈ క్రింది పనులు చేయబడినవి. చూరు కింద రెండు వైపులా ఆరేసి చిన్న బెజ్జాలు, చల్లటి గాలి లోపలికి రావడానికి. పైన ఇంటి రెండు ముక్కోణపు గోడల్లో ఒక్కొక్క గవాక్షం, వేడిగాలి బయటికి పోవడానికి. పలకల మీద, ఈసారి బెజ్జాలకు మూరెడు దూరం వదిలి, ఉన్ని పలకలు. ఇది గొర్రె ఉన్ని కాదు. రాయిని కరిగించి దారాలు తీసినది, నిప్పుకు అంటుకోదు. మౌలాలిలో పాత సామాన్ల దుకాణంలో దొరికినది. పడగొట్టిన ఒక సినిమా హాలు గోడల్లో శబ్దం బయటికి పోకుండా ఇన్నాళ్లు ఉండినదట. దానివల్ల ఒక అదనపు లాభం కలిగినది. కోతులు రేకుల మీద పరుగెత్తితే ఇప్పుడు పక్క వీధిలో ఎవరో మెల్లగా తబలా వాయిస్తున్నట్లు వినిపిస్తుంది.

రేకుల మీద సున్నం కూడా వేయించితిమి, ఎండ వచ్చినంత వచ్చినట్లే తిరిగి పోవుటకు. సున్నం ఆరకముందే కోతులు దాని మీద నడిచి, తరువాత డి-18 వారి నల్లకారు మీద కూర్చొనుట గురించి తమకు విడిగా ఫిర్యాదు వచ్చియుండును. ఆ పాదముద్రలు మావి కావు.

7. తనిఖీ. ఇది రాయడానికే నాకు ఇంత సంతోషంగా ఉన్నది, రాయకూడదనీ ఉన్నది. మే 2వ తేదీన, మధ్యాహ్నం రెండున్నరకు, బయట నలభై రెండు డిగ్రీల ఎండలో, తమ సహాయ ఇంజనీరు శశిభూషణ్ గారు టేపు, గొడుగు, నీళ్ల సీసాతో విచ్చేసిరి. నిచ్చెన ఎక్కి అటకలో తల పెట్టి, ఎంతసేపటికీ తల బయటికి తీయలేదు. నాకు భయం వేసింది. చివరికి దిగి, "లోపల గాలి ఆడుతోందండీ," అన్నారు, ఎవరో తనను మోసం చేసినట్లుగా. తరువాత సాహితి కోసం సిద్ధం చేసిన గదిలో, చాప మీద, గోడకు ఆనుకుని నివేదిక రాయడం మొదలుపెట్టారు. కూలరు లేదు. ఫ్యాను రెండు మీద ఉన్నది.

మూడో వాక్యం దగ్గర ఆయన నిద్రపోయారు.

గంటా నలభై నిమిషాలు. చెన్నమ్మ కుక్కరు కూత వేస్తుందని పొయ్యి ఆర్పేసి, పప్పు సగం ఉడికినదాన్ని అలాగే ఉంచింది. నేను తలుపు పక్కన నిలబడి గడియారం చూస్తూ, ఇంతకుముందు ఎన్నడూ ఒక అధికారి నిద్రను చూసి ఇంత ఆనందించలేదని తెలుసుకున్నాను. లేచిన తరువాత ఆయన ఇవాళ ఏ వారమని అడిగారు. టీ తాగారు. నివేదిక పూర్తిచేసి పట్టుకుపోయారు. అందులో గవాక్షములు అనుమతి లేకుండా తెరవబడినవి అని మాత్రమే ఉన్నట్లు తమ నోటీసు ద్వారా తెలియవచ్చినది. నేను ఆయనను తప్పు పట్టను, ఉన్నది రాశారు. కానీ మూలప్రతి తమ ఫైలులో ఉంటుంది. మూడో వాక్యం చివర కలం గీత ఒకటి కాగితం అంచు దాకా జారి ఉండును. అది చూరు కొలత కాదు. అదే ఈ ఇంటి ఉష్ణస్థితికి సంబంధించి తమ విభాగం నమోదు చేసిన మొట్టమొదటి కచ్చితమైన కొలతగా భావించి, ఆయనపై ఎట్టి చర్యా తీసుకోవద్దని మనవి.

8. తమ అభ్యంతరములకు సమాధానము. పావురములు: ఇనుప జాలీ బిగించితిమి. రెండు పావురాలు ప్రతి ఉదయం వచ్చి జాలీని పరిశీలించి నిరాశతో వెళ్లిపోతున్నవి. వాన: గవాక్షాలకు వాలు రెక్కలు పెట్టితిమి. జల్లు లోపలికి రాదు, గాలి వస్తుంది. తేమ చేరితే ఉన్ని ముద్దయి పనికిరాకుండా పోతుంది కనుక, వానకాలంలో అటక ఆరడానికి కూడా ఆ గాలే కావాలి. ఇక అన్నిటికన్నా పెద్దది, "భవనము యొక్క మూలరూపమునకు భంగము కలిగించినారు, తక్షణమే మూలరూపమునకు తేవలెను" అన్నది. అయ్యా, రాజలింగు ముక్కోణపు గోడలో ఉలి పెట్టగానే గచ్చు పెచ్చుగా ఊడి వచ్చి, వెనక టేకు చట్రం కనబడినది. రెండో వైపూ అంతే. ఈ ఇల్లు కట్టిన వాళ్లే అక్కడ గవాక్షాలు పెట్టారు. రేకులు వేసిన రోజుల్లో ఎవరో పావురాలకు భయపడి ఇటుకలతో మూశారు. తమరు మూలరూపమునకు తెమ్మన్నారు. తమ నోటీసు రాకముందే తెచ్చేశాము. ఆజ్ఞను ఇంత ముందుగా పాటించిన ఉద్యోగి మరొకరు ఉండరు.

9. ఆదివారము. ఇవన్నీ విన్న తరువాత కూడా సాహితి నమ్మలేదు. దాన్ని నేను తప్పు పట్టను, కళ్లు తిరిగినది దానికి. ఫోనులో ఇలా అన్నది: "నాన్నా, ప్రామిస్ చెయ్యను. సండే ఒంటిగంటకి వస్తా, నాలుగింటిదాకా పడుకుంటా. నిద్ర పట్టిందా, ఉండిపోతా. పట్టలేదంటే అమ్మ ఏడవొద్దు, నువ్వూ ఫీల్ అవ్వొద్దు, హబ్సిగూడ వెళ్లిపోతా." ఇందులో న్యాయం ఉన్నది. మూడు గంటల పరీక్ష. నేను పరీక్షల విభాగం వాణ్ణి, పరీక్షకు ముందురోజు హాలు తలుపులూ కిటికీలూ మూసేస్తామంటే ఒప్పుకోలేను. శనివారం సాయంత్రం తమరు ఇటుకలు పెట్టిస్తే ఆదివారం మధ్యాహ్నానికి అటక మళ్లీ గంజు అయిపోతుంది. పిల్ల వెళ్లిపోతుంది. చెన్నమ్మ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపి, లోపలికి వచ్చి మళ్లీ అన్నం మానేస్తుంది. అది నేను చూడలేను.

కావున తమరు దయయుంచి,

అ) గవాక్షములను శాశ్వతముగా ఉంచుకొనుటకు అనుమతించవలెను.

ఆ) కానిచో, పురుడు అయి, పిల్లకు మూడో నెల వచ్చువరకు.

ఇ) అదీ కానిచో, ఆదివారం సాయంత్రం నాలుగు గంటల వరకు. నాలుగుకు ఒక్క నిమిషం ముందు కూడా వద్దు.

ఈ) ఇది తమ పరిధిలోనిది కాదని నాకు తెలుసు, అయినా ఎవరికో ఒకరికి చెప్పాలి. అయిదవ అంశములోని విద్యార్థికి ఆ జవాబుకు కనీసం ఎనిమిది మార్కులు రావలసి ఉండినది. ఆ పత్రం మిల్లుకు పోయింది, హాల్ టికెట్ నెంబరు నేను చూడలేదు. అతను ఇప్పుడు ఎక్కడ ఉన్నా అతని ఇంట్లో గాలి ఆడాలని కోరుకుంటున్నాను.

ఈ మనవిని తమరు వీలైతే ఏదో ఒక మధ్యాహ్నం రెండున్నరకు మా ఇంట్లోనే, చాప మీద కూర్చుని చిత్తగించవలెను. చాప సిద్ధంగా ఉన్నది.

ఇట్లు,
మూత తీసిన అటక కింద నివసించుచున్న తమ విధేయుడు,
బి. ఈశ్వరయ్య.

తా.క.
ఆదివారం, మే 11, సాయంత్రం.

ఈ అర్జీని గురువారమే తమ కార్యాలయమునకు తెచ్చితిని. తమరు సెలవులో ఉన్నారనీ, సోమవారం గానీ రారనీ చెప్పి పుచ్చుకోలేదు. అందువల్ల కవరు మూయకుండా ఇంటికి తెచ్చుకున్నాను, అందువల్లనే ఈ నాలుగు ముక్కలు చేర్చగలుగుతున్నాను.

శనివారం మధ్యాహ్నం మూడింటికి రాజలింగు ఇటుకలు, సిమెంటు తట్టతో వచ్చాడు. తమ ఉత్తర్వు జేబులో ఉంది. తెరిచిన చేతులతోనే మూయాల్సి వచ్చిందని అతనికీ బాధగానే ఉంది. చెన్నమ్మ మజ్జిగ ఇచ్చింది. అతను గ్లాసు తాగి, సాహితికి సిద్ధం చేసిన గదిలో కూర్చుని, వరండాలోని ఇటుకలను చాలాసేపు చూశాడు. నాలుగున్నరకు, "సారూ, డూటీ అయిదింటిదాక. గీ అరగంటల పని అయితదా? అర్ధంల ఇడిచిపెడ్తె పని ఖరాబైతది. రేపు ఆదివారం నాకు సెలవు. సోమవారం అస్త," అన్నాడు. అయిదు వరకు కదలకుండా కూర్చుని, సరిగ్గా అయిదింటికి లేచి వెళ్లిపోయాడు. ఇటుకలు మా వరండాలోనే ఉన్నాయి. కాబట్టి ఉత్తర్వు ఉల్లంఘించబడలేదు, పని మొదలుకాలేదు, అంతే.

ఇవాళ ఒంటిగంటకు సాహితి వచ్చింది. బయట ఎండ గురించి నేను రాయను, తమరూ ఈ ఊళ్లోనే ఉన్నారు. వచ్చి గది మధ్యలో నిలబడి, తల ఎత్తి సీలింగు చూసి, అరచెయ్యి గోడకు ఆనించి చూసింది. తరువాత పడుకుంది. మేమిద్దరం వంటింట్లో పీట మీద ఒకరు, గడప మీద ఒకరు కూర్చున్నాం.  చెన్నమ్మ ఉల్లిపాయలు తరగడం కూడా మానేసింది, కత్తి చప్పుడు అవుతుందని. అప్పుడే ఆమెతో చెప్పాను, డిసెంబరులో సందులన్నీ మూసింది నేనేనని. నా వైపు చూసి, "నాకు తెలుసు. నిచ్చెన పట్టుకునింది నేనే గదా," అని మెల్లగా అన్నది. ముప్పై ఏళ్ల కాపురంలో అంత పెద్ద కోపం అంత చిన్న గొంతుతో పోవడం చూడలేదు.

మూడున్నరకు లోపలి నుంచి సాహితి పిలిచింది. మేమిద్దరం ఒక్కసారే లేచి తలుపు దగ్గరికి పోయాం. నిద్ర పట్టలేదేమో, వెళ్తానంటుందేమో అనుకున్నాను.  పిల్ల కళ్లు తెరవలేదు. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు దగ్గరికి తీసుకుని, సగం నిద్రలో, "అమ్మా, దుప్పటి ఏమైనా ఉందా?" అన్నది.

మే నెలలో. తార్నాకలో. రేకుల ఇంట్లో. నా కూతురు దుప్పటి అడిగింది. చెన్నమ్మ పెట్టెలోంచి దుప్పటి తీసుకుని, దాన్ని గుండెకు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది, ఇవ్వడం మరిచిపోయి. నేనే తీసుకుని కప్పాను. తరువాత వంటింట్లోకి వచ్చి ఇద్దరం నవ్వాము. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆమె, భుజం మీద తువ్వాలు కుక్కుకుని నేను, చప్పుడు కాకుండా ఎంత నవ్వామంటే చివరికి ఏడ్చాము. ఈ మాటను తమరు ఫైలులో పెట్టుకోవచ్చును.

రేపు రాజలింగును పంపుదురో, ఇటుకలను వెనక్కి తెప్పించుకుందురో తమ దయ. నాలుగింటికి సాహితిని హబ్సిగూడ తీసుకుపోవడానికి మాట్లాడి పెట్టుకున్న ఆటో వచ్చి, గేటు దగ్గర హారను కొట్టబోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా, కాలిపోతున్న రోడ్డు మీద పరుగెత్తి వెళ్లి, ఆటో అతని చెయ్యి పట్టుకుని ఆపాను. ఎవరూ రావడం లేదని చెప్పి పంపించేశాను.